అవసరం లే మా

బోరింగ్ మెషీను బల్లని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తూ వచ్చి మునికృష్ణ మూల దగ్గర ఆగాడు. మూలల్లో ఇనపపొడి నల్లగా పేరుకుంటుంది. అది గుడ్డకు రాదు, బొటనవేలి గోటితో గీకాలి. నలభై మూడేళ్లుగా కుడిచేతి గోరు అందుకే పెంచుతున్నాడు. పెళ్లిచూపులనాడు ఆ గోరు కనబడకుండా కాఫీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడని భార్య భువనేశ్వరి ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

మద్రాసు చూలైలో ఇరుకు సందులో ఉంది ఆ షెడ్డు. మునికృష్ణకు అరవై ఒకటి. పొట్టి మనిషి, బిగువైన ముంజేతులు, చొక్కా జేబులో కళ్లజోడు. కళ్లజోడు కన్నా భద్రంగా చూసుకునేది సన్నపు కొలతలు తీసే మైక్రోమీటరు. కారు ఇంజను పాతబడితే లోపలి సిలిండర్ల గోడలు అరిగి గుండ్రదనం పోతుంది. వాటిని మళ్లీ గుండ్రంగా కోసి, కొంచెం పెద్ద పిస్టన్లు పట్టేలా చెయ్యడం ఈ మెషీను మీద అతని పని. తండ్రి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. కొడుకు కూడా ఆ గేటులోంచే లోపలికి పోవాలని ఆయన ఆశ. కొడుకు పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాసేలోగా ఈ మెషీను ముందు నిలబడ్డాడు. మళ్లీ కదల్లేదు. ఇన్ని వేల ఇంజన్లను లేపిన మనిషికి కారు నడపడం రాదు. పెరంబూరు నుంచి బస్సులో వస్తాడు, బస్సులో పోతాడు.

రేపు పొద్దున లారీ వస్తుంది. యజమాని శ్రీకుమార్ షెడ్డుని అంబత్తూరుకు మారుస్తున్నాడు. అక్కడ కంప్యూటరు మెషీను పెడతాడు. ఈ పాతదాన్ని తిరువళ్లూరు పక్కన పాలిటెక్నిక్ వాళ్లు పిల్లలకు చూపించడానికి తీసుకుంటున్నారు. మునికృష్ణ అంబత్తూరు రానన్నాడు. రెండు బస్సులు మారాలని సాకు చెప్పాడు గానీ, మెషీనుతోపాటే తనూ ఆగిపోవాలని ఎప్పుడో అనుకున్నాడు. దానికి అతనికి దిగులు లేదు. దిగులంతా మూలన గోనెపట్టా మీదున్న ఇంజను బ్లాకు గురించే.

దాన్ని వారం కిందట రాగిణి దింపిపోయింది. గుడివాడ పిల్ల, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బ్లాకు స్టాండర్డ్ హెరాల్డ్ కారుది, ఒకప్పుడు ఈ ఊరి పొలిమేరలోనే తయారైన బండి. వేప్పేరిలో ఒక బంగళా వెనక పదిహేనేళ్లుగా దుమ్ము కొట్టుకుపోతుంటే ముచ్చటపడి కొనుక్కుంది. ఇంజను ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడానికి కాగితం మీద ప్రశ్నలు రాసుకుని, పెళ్లికొడుకుని వెతికినట్టు షెడ్డు షెడ్డుకూ తిరిగింది. మునికృష్ణ తెలుగులో పలికేసరికి ఆ పిల్ల మొహం చేటంత అయింది. ఇద్దరిదీ ఒకటే భాష అనుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"కొత్త పిస్టన్లు కూడా మీకు ఇవ్వాలాండీ?" అని ఆఖరి ప్రశ్న అడిగింది.

"అవసరం లే మా" అన్నాడు.

రాగిణి కాగితం మీద ఏదో రాసుకుని, బ్లాకు చూసి ఉంచండని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బ్లాకు పైఅంచు తుడిచి చూసి మునికృష్ణ చాలాసేపు దాని ముందే గొంతుక్కూర్చున్నాడు. సిలిండర్ల పక్కన వరసగా పంచ్‌తో కొట్టిన అంకెలు ఉన్నాయి. ఒకటి, రెండు, పన్నెండు, నాలుగు.

ఒక్కో ఉక్కు పంచ్ కొసన ఒక్కో అంకె ఉంటుంది, సుత్తితో కొడితే ఇనుములో అచ్చు పడుతుంది. అతని పంచ్‌ల పెట్టెలో మూడు లేదు. పనిలో చేరిన రెండో ఏడే ఎక్కడో జారిపోయింది. కొత్త సెట్టు కొంటానని శ్రీకుమార్ తండ్రి పాతికేళ్లు చెప్పి చెప్పి చివరికి ఆయనే పోయాడు. అందుకని మూడు కొట్టాల్సిన చోట మునికృష్ణ ఒకటి కొట్టి, పక్కన రెండు కొడతాడు. ఒకటీ రెండూ కలిస్తే మూడే కదా. ఇలా లెక్క చెప్పేవాడు మద్రాసులో ఇంకొకడు లేడు. అంటే ఇది తను వయసులో ఉండగా కోసిన ఇంజనే, ఊరంతా తిరిగి మళ్లీ తన దగ్గరికే వచ్చింది. ఆఖరిసారి దీన్ని కోసి మెషీను ఆపాలి. అతనికి ఉన్న కోరిక అదొక్కటే.

"ఆ పాపకు ఫోన్ చేసి చెప్పరాదా? అడగందే అమ్మైనా పెట్టదు" అంది భువనేశ్వరి. చెప్పలేదు. పని దానంతట అది రావాలిగానీ పిలవకూడదని అతని పట్టుదల. ఆరు రోజులు గడిచాయి. నిన్న ఎవరో పిండిమర ఇంజను తెచ్చి, పిస్టన్ లేకుండానే కోసిపెట్టమని తొందరపెడితే, తిప్పి పంపేశాడు.

ఈరోజు పదిన్నరకి సందు మొదట్లో ఆటో ఆగింది. రాగిణి దిగింది.

"ఏమనుకోకండి మేస్త్రిగారూ. బ్లాకు తీసుకెళ్తాను. వేరే షెడ్డులో ఇద్దామని."

మునికృష్ణ మూలనున్న బ్లాకు వైపు చూశాడు. ఎందుకని అడగడం అతనికి చేతకాదు. "సరి మా" అన్నాడు. "ఆడ ఉండు. ఆయిల్ పూసి ఇస్తా. వానగాలి, తుప్పు పడతాది."

నాలుగు సిలిండర్లలోనూ వేళ్లతో నూనె రాశాడు. పైన పాత పేపరు పరిచి, గాలికి లేవకుండా తాడు కట్టాడు. మూడో సిలిండరు దగ్గర చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంది. పోగొట్టుకున్న పనికి ఇంత సేవ చేస్తున్న మనిషిని చూసి రాగిణికి ఏదోలా అయింది.

ఇంతలో టీకొట్టు నాగప్పన్ టీ తెచ్చాడు. మునికృష్ణ ఒక గ్లాసు ఆమెకిచ్చాడు. ఖాళీ గ్లాసుల కోసం నాగప్పన్ పక్కనే నిలబడ్డాడు. అతనికి ఇంకా పది షెడ్లు తిరగాలి. అది చూసి రాగిణి టీ గబగబా నోట్లో పోసుకోబోయింది.

"అవసరపడొద్దు మా" అన్నాడు మునికృష్ణ. "అవసరంగా తాగితే నాలిక కాల్తాది."

రాగిణి గ్లాసు అలాగే పట్టుకుని ఆగింది. "అవసరంగా అంటే?"

"అవసరంగా అంటే అవసరంగానే. బిరబిరా."

"తొందరగానా?"

"ఆ, అదే. మీ పక్క ఏమంటారు?"

"మా వైపు అవసరం అంటే కావాలని అండీ. అవసరం లేదంటే అక్కర్లేదని." ఆమె సంచిలో చెయ్యి పెట్టింది. "ఆరోజు పిస్టన్లు ఇవ్వాలా అంటే అవసరం లేదన్నారు."

"అవును. మెల్లగా తెచ్చి ఇయ్యి అంటిని. పిస్టన్ చూడకుండా బోరు కోసేది, కాలు చూడకుండా చెప్పు కుట్టేది ఒకటే మా."

రాగిణి సంచిలోంచి కాగితం తీసి చూపించింది. షెడ్డు పేరు ఎదురుగా "పిస్టన్లు కొలవకుండానే కోస్తారట. వద్దు" అని ఉంది. ఆ వద్దు తర్వాతెప్పుడో వేరే సిరాతో రాసింది, దాని కింద రెండు గీతలు. మునికృష్ణ కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివాడు. ముందు అతని భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట. నవ్వి ఎన్నాళ్లయిందో గానీ కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. రాగిణి టీ ఒలకబోసుకుంటూ ఆయిల్ డ్రమ్ము మీద కూలబడింది. తెలుగు ముక్క తెలియని నాగప్పన్ కూడా వాళ్లని చూసి నవ్వి, గ్లాసులు మళ్లీ తీసుకుంటానని సైగ చేసి పోయాడు.

పిస్టన్లు ఆటోలోనే ఉన్నాయి. ఆ వేరే షెడ్డుకు ఇవ్వడానికి తెచ్చింది. రాగిణి వాటిని దింపించి ఆటోని పంపేసింది, ఆఫీసుకు సెలవు చెప్పేసింది.

మునికృష్ణ ఒక్కో పిస్టన్నీ మూడుసార్లు కొలిచాడు. నాలుగూ ఒకే డబ్బాలోవే అయినా ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఏ పిస్టన్ కొలతకు ఆ సిలిండరు కొయ్యాలి. బ్లాకుని బల్ల మీదికెక్కించి బిగించాడు. స్విచ్ వేశాడు. మెషీను ముందు గునిసింది, తర్వాత గొంతు సర్దుకుని ఒకే శ్రుతిలో నిలబడింది. ఆ మోత వింటూ ఉంటే అతనికి పెరంబూరు గేటూ, తప్పిన పరీక్షలూ ఏవీ గుర్తురావు. వేడెక్కిన ఇనుము వాసన షెడ్డంతా నిండింది. నల్లటి పొడి రాలుతుంటే పళ్లెంలో పట్టి, మధ్యమధ్య మెషీను ఆపి వేలితో గోడ తడిమేవాడు. గేజీ చెప్పేలోపే వేలు చెప్పేసేది. సంతోషంగా ఉన్నాడు. ఆ సంగతి అతనికి తెలుస్తూనే ఉంది.

నాలుగున్నరకి కోత పూర్తయింది. పిస్టన్ల నెత్తిన అంకెలు కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు. మూడోదాని మీద ఒకటి కొట్టి, పక్కన రెండు కొట్టాడు.

"ఇది మూడోది కదండీ. పన్నెండు కొట్టారేంటి?"

మునికృష్ణ బ్లాకు పైఅంచు గుడ్డతో తుడిచి చూపించాడు. రాగిణి వంగి పాత అంకెల్ని చూసింది, చేతిలోని పిస్టన్ని చూసింది.

"ఇదీ మీరేనా?"

"నేనే మా. ముప్పైయైదు, ముప్పైయారేండ్లు అయ్యుంటాది."

"మరి ఆరోజే చెప్పొచ్చు కదండీ. ఆ కాగితం, ఆ ప్రశ్నలు ఏమీ లేకుండా ఇచ్చేసేదాన్ని."

"అందుకే చెప్పలే. నువ్వు చూసి ఇయ్యాల."

రాగిణి వేలితో ఆ పన్నెండుని రెండుసార్లు తడిమింది. "బండి లేచాక మొదట మిమ్మల్నీ ఆంటీనీ ఎక్కించుకుని బీచ్‌కి తీసుకెళ్తాను" అంది.

"సరి మా. అవసరం లే."

ఈసారి రాగిణికి అర్థం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

రాగిణి ఇంకో ఆటోలో బ్లాకు తీసుకెళ్లిపోయాక మునికృష్ణ మెషీనుని ఇంకోసారి తుడిచాడు. మూలలు గీకాడు. పంచ్‌ల పెట్టెని పాలిటెక్నిక్ పిల్లలకు పనికొస్తుందని బల్ల మీదే పెట్టాడు. శ్రీకుమార్ దగ్గర బ్లేడు అడిగి తీసుకుని, గుమ్మంలో కూర్చుని బొటనవేలి గోరు కత్తిరించుకున్నాడు.

"ఏందన్నా, ఇప్పుడా?" అన్నాడు శ్రీకుమార్.

"ఇంట్లో చూపించాల పా" అని, వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ బస్‌స్టాపు వైపు నడిచాడు. ఇక ఆ షెడ్డుకి రాలేదు.

మర్నాడు లారీ మనుషులు మెషీను కింద జాకీలు పెట్టి లేపారు. నలభై ఏళ్ల నూనె, పొడి కలిసి హల్వాలా గట్టిపడిన మడ్డిలో ఏదో ఇరుక్కుని ఉంది. శ్రీకుమార్ దాన్ని పెరికి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కిటికీ గట్టు మీద వెలుతురులో పెట్టాడు. వేలెడంత ఉక్కు ముక్క, దాని కొసన తిరగేసి చెక్కిన మూడు, ఏ మాత్రం అరగకుండా.