దివికి గుడిదీర్ఘం

నూట పన్నెండో ‘జ్యూస్’ను కూడా ‘జియస్’గా దిద్ది నాగుల్ మీరా ఎర్రపెన్ను చెవిమీద దోపుకున్నాడు. కంప్యూటరు గ్రీకు దేవుళ్ళ రాజును పుస్తకం పొడుగునా గ్లాసులో పోసి పెట్టింది మరి! ముప్పై ఏళ్ళుగా బందరు ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ మెడ కాగితంవైపే వంగిపోయింది. ఒక్క పుస్తకంలోనూ అతని పేరు లేదు. దక్కిన మర్యాదంతా ఆ పేరులోనే ఉంది: తిట్టేవాడైనా ‘మీరా’ అనాల్సిందే.

ఇవాళ కుర్చీలో కుదురు లేదు. రామబ్రహ్మం మాస్టారు వేద దేవతల్నీ గ్రీకు దేవతల్నీ పక్కపక్కన కూర్చోబెట్టి రాసిన పుస్తకం ఇది. ‘ద్యౌష్పిత’, ‘జియస్ పాటెర్’: ఆకాశమనే ఒకే తండ్రికి రెండు పిలుపులు. ‘ఉషస్సు’, ‘ఈయోస్’: ఒకే తెల్లవారుజాము. అంతవరకు భేషుగ్గా ఉంది. చివరి పేజీలోనే మాస్టారు బోల్తాపడ్డారు. ద్యౌష్పిత పుట్టిన ‘దివ్’ అనే ఆకాశపు మాట నుంచే దివిసీమ పేరు కూడా పుట్టిందట!

మీరా పుట్టింది ఆ సీమలోనే, నాగాయలంకలో. అది దివి కాదు, దీవి. మాస్టారేమో గుడివాడ ఆస్పత్రిలో ఇవాళో రేపో అన్నట్టున్నారు. చెబితే ఆయన గుండె ఆగుతుంది, చెప్పకపోతే తప్పు అచ్చవుతుంది.

గుడివాడ బస్సులో మూడు సీట్లు మారాడు.

“వచ్చింది మీరా, నువ్వా?” మంచంమీంచి మాస్టారు నవ్వారు.

“అచ్చుతప్పొకటి ఉందండీ.”

“ఎక్కడ?”

“అచ్చులోనేనండీ. ‘ఇ’ కాదు, ‘ఈ’. మా వైపు అటూ ఇటూ కృష్ణ, ముందు సముద్రం. దీవి మాస్టారూ.”

ఆయన దిండు కిందనుంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

“నేను దివికి బయల్దేరుతుంటే దీవిలో దింపేస్తావేంటయ్యా! దీర్ఘాయుష్షు నాకెటూ లేదు, దానికి మాత్రం దీర్ఘమెందుకు? ఆ పేజీ ఇక్కడ పెట్టి, పో, టీ తాగిరా.”

మీరా రెండు టీలు తాగాడు. ఒక్కదాని రుచీ తెలియలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక తప్పును వదిలేయాలనిపించింది. ‘పోనీండి మాస్టారూ, దివే ఉండనిద్దాం’ అని చెప్పడానికి మెట్లు రెండేసి ఎక్కాడు.

గది బయట మాస్టారి భార్య మాణిక్యమ్మగారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

“వెళ్ళిపోయారు నాయనా. ఇది నీకిమ్మన్నారు.”

చివరి పేజీ. ‘దివి’లో దకారం నెత్తిన పెన్సిలుతో పెట్టిన గుడిదీర్ఘం. దాని తోక కాగితం అంచుదాకా సాగిపోయి ఉంది.