భూమేశ్వర్ బండికి పెద్ద యాక్సిల్

ఉడికించిన పసుపుకు ఇంకా రెండు ఎండలు తగలాలి. అంతలోనే ముప్కాల్ దిక్కున మబ్బు లేచింది. తడిస్తే కొమ్ముల రంగు చెడుతుంది, రంగు చెడితే ఏడాది కష్టమంతా మట్టిపాలు. కోడలు స్వర్ణలత కళ్ళంలో కొమ్ములను సంచులకెత్తుతోంది. నేనేమో పెర్కిట్‌లో మెకానిక్ నరేష్ షెడ్డు ముందు కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్నాను. సంచులు ఇంటికి చేర్చాల్సిన పికప్పు అక్కడ వెనక చక్రాలు లేకుండా రాళ్ల మీద నిలబడి ఉంది.

వెనక గేర్లు మూలుగుతున్నాయని నా కొడుకు భూమేశ్వర్ పాత యాక్సిల్ మొత్తం ఊడదీయించాడు. తుక్కు దుకాణంలో దొరికిన పెద్ద బండి యాక్సిల్ పెట్టిస్తున్నాడు. పెట్టించుకోవడానికి ఈ రోజే దొరికింది వాడికి!

"ఓ నరేషూ, అయితదా కాదా? గా మబ్బు జూడు, బర్రె లెక్క ఉరికొస్తున్నది."

"జర ఆగు పెద్దవ్వా. షాఫ్టు బోల్టుల బెజ్జాలు కలుస్తలేవు. పాతదానికున్న షాఫ్టు బిగిచ్చే మూతి తీసి దీనికి ఏస్తున్న."

"పాతదే ఏసెయ్యి బిడ్డా, ఒక్క పూట నడవదా?"

బండి కింద నుంచి భూమేశ్వర్ అరిచాడు. "దాని గేర్ల పండ్లు రాలినయే అవ్వా, నీ లెక్కనే!"

నరేష్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఫోన్‌లో స్వర్ణలత, "అత్తమ్మా, గాలి లేసింది, ఏడ ఉన్నరు?" అంటోంది.

ఎట్లాగో బండి కదిలింది. కళ్ళం చేరాక రెండు సార్లు తోలుదామన్నాను. వాడు వింటేగా!

"గంత పెద్ద యాక్సిల్ ఏసింది ఎందుకే? ఒక్కటే ట్రిప్పుల గుంజుతది."

సంచులన్నీ ఎక్కించి, నన్నూ స్వర్ణలతనూ ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బండి నిజంగానే కిక్కురుమనకుండా లాగింది. వాడు నావైపు చూసి మీసం దువ్వాడు. రోడ్డెక్కామో లేదో రబ్బరు కాలిన వాసన. యాక్సిల్ పెద్దదే, దాని మీద బండి బరువు మోసే కమాన్ పట్టీలు మాత్రం పాతవే కదా. అవి బరువుకు అణిగిపోయి టైరు బాడీకి రాసుకుంటోంది.

"సగం దించు," అన్నాను.

"మెల్లగ పోత అవ్వా."

"టైరు పలిగితే అన్నీ నడి రోడ్డు మీదనే. దించు. మేం కావలుంటం."

వాడు మబ్బును చూశాడు, నన్ను చూశాడు, తాడు విప్పాడు. సగం సంచులు రోడ్డు పక్కన పేర్చి తాటిపత్రి పట్టా కప్పాం. బండి వెళ్ళగానే వాన దిగింది. గాలికి పట్టా ఎగిరిపోకుండా అత్తాకోడళ్లం చెరో అంచు మీద కూర్చున్నాం. ఇటు పడితే అటు లేస్తుంది, అటు పడితే ఇటు.

వాడు తిరిగొచ్చేసరికి నీళ్లు పారి కింది వరస సంచులు తడిశాయి. పైవి పొడిగానే ఉన్నాయి. వాడు సంచులు చూడకముందే వంగి బండి కిందికి చూశాడు.

"నరేష్ కాడ కమాన్లు గూడ పెద్దయి ఉన్నయట అవ్వా."

"ముందుగాల సంచులెత్తుండ్రి!" అని అరిచింది స్వర్ణలత.