అత్తయ్య ఎంగిలి

మా అత్తయ్య సీతారావమ్మగారితో వేగలేక చస్తున్నాను. దవడన పొగాకు కాడ లేనిదే ఆవిడకి తెల్లారదు. ఉయ్యూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి జనం నోళ్లు పరీక్ష చేసే ఉద్యోగం నాది. ఇంట్లో ఈవిడ నోరు మాత్రం చూడనివ్వదు!

మా ఆసుపత్రివాళ్లు నాకో బయోసెన్సర్ ఇచ్చారు. అరచేతిలో పట్టేంత పెట్టె. ఉమ్ము చుక్క వేస్తే చాలు, పుండు కంటికి కనబడకముందే క్యాన్సర్ అనుమానముంటే ఎర్ర లైటు వెలుగుతుంది.

"ఈ డబ్బీలో కాస్త ఉమ్మండి అత్తయ్యా" అంటే, "ఛీ ఛీ! నా ఎంగిలి కోడలి చేతికిస్తానా? పాపం చుట్టుకోదూ!" అంది. రోజూ ఆవిడ తిన్న కంచం కడిగేది నేనే. దానికి లేని పాపం దీనికొచ్చిందా?

చివరికి మా ఆయన్ని పోరాను. "మీరు చెబితే వింటారండీ" అన్నాను. మర్నాడు పొద్దున్నే మూత బిగించిన డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టారు. చుక్క వేశాను. ఎర్ర లైటు!

అరిచి, ఏడ్చి, ఆవిణ్ణి కారెక్కించాను. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ ఆవిడ ఒకటే గోల. "నేను ఉమ్మనేలేదే ఉషా! ఎర్ర లైటు, నీ మొహం!" భయంతో బొంకుతోందనుకున్నాను. మా ఆయన ఊరికే హారన్ కొడుతూ కారు నడుపుతున్నారు.

ఆసుపత్రిలో డాక్టరుగారు డబ్బీ ఇవ్వగానే కిక్కురుమనకుండా ఉమ్మింది మహాతల్లి! పచ్చ లైటు. నోట్లో కూడా ఏమీ లేదన్నారాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి పొద్దున మీరిచ్చింది ఎవరిదండీ?"

మా ఆయన గోడకేసి చూశారు. "అమ్మ ఉమ్మదు, నువ్వు వదలవు. ఈ గొడవ పడలేక నేనే ఉమ్మేశా."

"ఖైనీ మానేశానని నా మీద ఒట్టేశారుగా!" అని అరిచాను.

అత్తయ్య బొడ్డున దోపుకున్న పొగాకు కాడ తీసి చెత్తబుట్టలో పారేసింది. దోసిలి కొడుకు గడ్డం కింద పట్టింది.

"ఉమ్మరా నాయనా, నా చేతిలో ఉమ్ము. ఇంకోసారి చూస్తారు."