పచ్చ చానల్లో ఏమీ లేదు

పాతికేళ్లు నేను కిటికీ అద్దాలు వణికించి బతికాను. నా స్పీకర్లు మోగితే పక్కవీధిలో బల్లల మీద గ్లాసులు వాటంతటవే నడిచేవి. ఇప్పుడు హెడ్‌ఫోన్లు అద్దెకిస్తున్నాను. పొరుగువాళ్ల ఫిర్యాదులు ఎక్కువై హాళ్లవాళ్లు పెద్ద చప్పుడు వద్దనేసరికి, డాన్సు పార్టీలన్నీ చెవుల్లోకి దూరిపోయాయి. అవి కూడా పొద్దున పదింటికి. పొగ లేదు, మందు లేదు. దోసకాయ ముక్కలు వేసిన నీళ్లు తాగుతూ, జిమ్ము బట్టల్లో గెంతుతారు. మొదటిసారి చూసినప్పుడు, "ఇది డాన్సా, డాక్టరు రాసిచ్చిన వ్యాయామమా?" అని గట్టిగానే అడిగాను. ఎవరూ నవ్వలేదు. వాళ్ల చెవులకి నా హెడ్‌ఫోన్లే ఉన్నాయి మరి.

హెడ్‌ఫోన్‌కి కుడిపక్క చిన్న మీట ఉంటుంది. పైకి నెడితే ఎర్రలైటు, ఒక డీజే పాట. మధ్యలో పెడితే నీలం, ఇంకో డీజే పాట. కిందికి నెడితే పచ్చ. అది ప్రకటనలకని ఉంచింది, మామూలుగా ఖాళీ. లైటు చెవి మీదే వెలుగుతుంది. తెరలు దించిన హాల్లో తలకాయల రంగు చూస్తే చాలు, ఎవరి పాటకి ఎందరున్నారో తెలిసిపోతుంది. వెనకటి రోజుల్లో పరమ బోరు డీజేకి కూడా జనం చప్పట్లు కొట్టేవాళ్లు, వేరే దారి లేక. ఇప్పుడు బొటనవేలు కదిపితే సరి.

ఆ ఆదివారం నీలం వేదిక మీద ఉన్నది మా అక్క కూతురు. దానికి చిన్నప్పుడు నేను పెట్టిన పేరు కందిరీగ. అదే పేరు ఇప్పుడు పోస్టర్ మీద వేసుకుని తిరుగుతోంది. రెండేళ్లుగా కాఫీ షాపుల మూలల్లో, కుర్చీలు తుడిచేవాళ్ల ముందు వాయించింది. ఈ హాలు దానికి మొదటి పెద్ద అవకాశం, చివరిది కూడా. ఇదీ పోతే సోమవారం నుంచి టైల్స్ షాపు కౌంటర్లో కూర్చుంటానని వాళ్ల నాన్నకి మాటిచ్చేసింది. మా బావ అప్పుడే కుర్చీకి కొత్త గుడ్డ కూడా కుట్టించాడు.

ఎర్ర వేదిక మీద ఉన్నవాణ్ని అందరూ హీరో అంటారు. రెండు గంటల పాటంతా ఇంట్లోనే కలిపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటాడు. ఇక్కడ బటన్ నొక్కి చేతులూపుతాడు. మధ్యమధ్యలో కళ్లు మూసుకుని ఏవో మీటలు తిప్పుతాడు. ఆ మీటలు దేనికీ తగిలించి లేవు. వైర్లు బిగించింది నేనే కాబట్టి నాకు తెలుసు.

ఇద్దరిలో ఒకరికే ఇక్కడ పన్నెండు ఆదివారాలు వాయించే అవకాశం. తేల్చేది నిర్వాహకుడు. చీకటి హాల్లోనూ నల్లద్దాలు తీయడు కనక నేను వాణ్ని నల్లద్దాలనే అంటాను. పదకొండున్నరకి బాల్కనీ ఎక్కి పైనుంచి ఒక్క ఫోటో తీస్తాడు. ఫోటోలో ఏ రంగు ఎక్కువుంటే వాళ్లది సీజను.

పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇవాళ నీ కోతి పనులేవీ చెయ్యకు. దాని పనిలో వేలు పెట్టావంటే గడప తొక్కనివ్వను."

"నేనేం చేస్తానే? మూలన కూర్చుని బ్యాటరీలు చూసుకుంటాను."

"నా పెళ్లిలో కూడా మూలనే కూర్చుంటానన్నావు."

దాని పెళ్లిలో ఏమైందో ఇప్పుడెందుకులెండి. పెళ్లికొడుకు చెప్పులు ఆఖరికి దొరికాయి కదా.

పదకొండుకి హాలు సగం ఎరుపు, సగం నీలం. హీరో చేతులెత్తితే ఎర్రతలలు చేతులెత్తుతున్నాయి. నీలం తలలు ఆగి ఆగి, సన్నగా ఊగుతున్నాయి. నా బల్ల రెండు వేదికలకీ మధ్య గోడవారన ఉంది. దాని మీద మూడు పెట్టెలు, పచ్చ పెట్టెకి మైకు. చేతిలో పని లేదు, ఎదురుగా మైకు ఉంది. నా పరిస్థితి మీరే ఆలోచించండి.

అంతలో ఒకావిడ చెవి మీద పచ్చలైటు వెలిగింది. అలసిపోయి, కాసేపు ఏమీ వినకుండా నిలబడదామని మార్చినట్టుంది. నేను మైకు దగ్గరికి లాక్కుని మెల్లగా అన్నాను.

"అక్కయ్యగారూ, ఆ స్తంభాన్ని మీరు వదిలినా పడదు. హాలు గట్టిగానే కట్టారు."

ఆవిడ ఉలిక్కిపడి స్తంభాన్ని వదిలేసింది. చుట్టూ చూసింది. నేను బ్యాటరీలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

"మీ ముందున్న ఎర్ర టీషర్టు తమ్ముణ్ని చూశారా? అది డాన్సో, చొక్కాలో చీమ దూరిందో కనుక్కుని చెప్పండి."

ఆవిడకి నవ్వాగలేదు. పక్కనున్న స్నేహితురాలి మీట కిందికి నెట్టింది. ఆ పిల్ల ఇంకో ముగ్గురివి నెట్టింది. ఎర్రవాళ్లని లాగుదామని నేను హీరో మీద పడ్డాను. వాడి పాట నేను ఇది నాలుగోసారి వినడం, ఎక్కడేముందో కంఠతా వచ్చు.

"ఇప్పుడు బాబుగారు కళ్లు మూసుకుంటారు. మూశారా? ఇప్పుడు కుడిచెయ్యి. ఎత్తారా? ఇప్పుడు పెద్ద మీట తిప్పుతారు. తిప్పనివ్వండి పాపం, దానికి వైరు లేదు."

పది పచ్చలైట్లు యాభై అయ్యాయి. యాభై వందయ్యాయి. జనం కడుపులు పట్టుకుని, ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. పాతికేళ్లు స్పీకర్ల వెనక కూర్చున్నవాణ్ని, ఇందరు నా మాట వినడం అదే మొదలు. హాలంతా పచ్చని పొలంలా ఊగుతోంది. అప్పుడు నీలం వేదిక వైపు చూశాను.

దాని ముందు పాతిక తలలున్నాయేమో. అది వంగి ఒక పాట తగ్గించింది, ఇంకోటి ఎక్కించింది, వేగం పెంచింది, మళ్లీ దించింది. ఏం చేసినా నీలం లైట్లు ఒక్కొక్కటే పచ్చగా మారుతున్నాయి. అది తలెత్తి చూసింది. దానికి తెలిసినంతవరకు పచ్చ ఖాళీ. అంటే దాని పాట వినడం కన్నా ఏమీ వినకపోవడమే మేలని ఇన్ని వందలమంది అనుకుంటున్నారన్నమాట.

మైకు కట్టేద్దామని చెయ్యి పెట్టేలోపు బాల్కనీలో ఫ్లాష్ మెరిసింది.

పదకొండున్నర.

నల్లద్దాలు మెట్లన్నీ దూకుతూ వచ్చాడు. ఆఖరి మెట్టు కనపడక నా బల్ల మీద పడ్డాడు.

"పెద్దాయనా, చూశావా? పచ్చ! మొత్తం పచ్చ! జనానికి పాట అక్కర్లేదు!"

"అది కాదు సార్..."

"ముందే అనుకున్నాను. అందరూ అలసిపోయారు. వాళ్లకి మౌనం కావాలి. వచ్చే ఆదివారం నుంచి డీజేలే ఉండరు. చెవులకి హెడ్‌ఫోన్లు, లోపల ఏమీ ఉండదు. టికెట్ ధర మాత్రం అదే."

"సార్, లోపల నేనున్నాను."

వినిపించుకోలేదు. ఫోన్ తీసి ఫోటో కింద ఏదో రాస్తున్నాడు. ఈలోగా మా కందిరీగ వేదిక దిగి వచ్చింది. ముఖం చూస్తే ఏడ్చేటట్టుంది, కానీ ఏడవలేదు. మాట మామూలుగానే వచ్చింది.

"మావయ్యా, సామాను సర్దేస్తాను. నాన్నకి నువ్వే ఫోన్ చెయ్యి. నాకు నోరు రాదు."

అబద్ధాలాడటం నాకు మంచినీళ్ల ప్రాయం. ఆ నిమిషంలో ఒక్కటీ దొరకలేదు. నా హెడ్‌ఫోన్ తీసి పచ్చలో పెట్టి దాని చెవులకి తగిలించాను. ఇంకోటి నల్లద్దాలకి తగిలించాను. మైకులో అన్నాను.

"అమ్మడూ, పచ్చలో నేనే వాగుతున్నాను. పావుగంట నుంచి."

హాలంతా ఒక్కసారి నా బల్ల వైపు తిరిగింది. స్తంభం అక్కయ్యగారు చప్పట్లు కొట్టింది. నల్లద్దాలు జీవితంలో మొదటిసారి అద్దాలు తీశాడు. కళ్లు ఎంత చిన్నవో అప్పుడే తెలిసింది.

"నేను ప్రపంచానికంతా చెప్పేశాను పెద్దాయనా, మౌనం అని!"

"తుడిచేయండి సార్. ఇంకా ఎవరూ చూసుండరు."

"నాలుగొందలమంది మెచ్చుకున్నారు!"

కందిరీగ హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకుంది.

"పావుగంట నేనేమనుకున్నానో తెలుసా నీకు?"

"తెలుసే."

"తెలీదు. టైల్స్ ధరలు గుర్తు చేసుకుంటున్నాను. చేత్తో పాట మారుస్తూ, నోటితో టైల్స్ ధరలు."

"ఉండు, ఇప్పుడే సరిచేస్తా. అందరినీ నీలానికి పొమ్మంటాను. నేను చెబితే..."

"ఆ మైకు ముట్టుకున్నావంటే నీ వేళ్లు విరిచేస్తా." అక్క కూతురే, సందేహం లేదు. నల్లద్దాల వైపు తిరిగింది. "సార్, పచ్చ కట్టేయమనండి. ఇరవై నిమిషాలు. మళ్లీ ఫోటో తీయండి. అప్పుడు ఎర్రది గెలిస్తే వాడికే ఇచ్చేయండి, నేనేమీ అనను."

"మరి మౌనం?"

"మౌనం మా మావయ్య చూసుకుంటాడు."

పచ్చ పెట్టె తీగ పీకేశాను. హాలు నిండా పచ్చతలలు, చెవుల్లో ఏమీ లేదు. ఒక్కసారిగా అందరికీ తమ బూట్ల కీచుమోత వినిపించినట్టుంది, సిగ్గుపడి ఆగిపోయారు. తర్వాత మీటలు పైకి కదిలాయి. ముందు ఎరుపులోకే వెళ్లారు, అంతా అక్కడికే. చూడటానికి నాకు ధైర్యం చాలలేదు, అయినా చూశాను.

హీరో పెన్‌డ్రైవ్‌లో ఆవేశమంతా అయిపోయింది. అందరూ చెమటలు పట్టి అలసిపోయి ఉంటారని ఇంట్లో లెక్కేసుకుని, ఆ చోట నిద్రపుచ్చే సంగీతం కలిపి తెచ్చాడు. ఇక్కడేమో నవ్వి నవ్వి ఉషారెక్కిన జనం, నిలబడి వాడి ముఖం చూస్తున్నారు. వాడు కంగారుపడి మీటలన్నీ తిప్పాడు. పాట ఎక్కడిదక్కడే. ఎవరో ఒకాయన నన్ను చూసి, వైరు లేదని వేలితో సైగ చేశాడు.

కందిరీగ వేదికెక్కి ముందు పావునిమిషం ఊరికే నిలబడి జనాన్ని చూసింది. అప్పుడు మొదలుపెట్టింది. ఏం వాయించిందని అడిగితే నాకు తెలీదు. నేను వైర్ల మనిషిని, సంగీతం మనిషిని కాను. దాని ముందున్న పాతికమంది మోకాళ్లు ముందుగా వంగాయి, అదొక్కటి చూశాను. పక్కవాళ్లు ఆ మోకాళ్లు చూసి మీట తోశారు. ఎర్ర టీషర్టు తమ్ముడు మారాడు, చీమతో సహా. ఒక జట్టు నీలంగా మారితే, అది వాళ్లని చూస్తూనే పాటని ఇంకో మెట్టు ఎక్కించేది. జనం ఎంత ఊగితే అంత ఇచ్చింది, వాళ్లు తగ్గితే తగ్గింది. పెన్‌డ్రైవ్‌కి కళ్లు లేవు కదా.

రెండో ఫోటో నేను చూడలేదు. చూడక్కర్లేకపోయింది. హీరో ముందు ఎరుపులో మిగిలింది వాడి ఫోటోలు తీసే ఇద్దరు స్నేహితులు, నిజంగానే నిద్రపోతున్న ఒక పెద్దాయన.

నల్లద్దాలు అద్దాలు పెట్టుకుని వచ్చాడు.

"పన్నెండు ఆదివారాలూ నీవే అమ్మాయ్. పెద్దాయనా, నువ్వు కూడా పచ్చలో వారానికో పావుగంట..."

"లేదు సార్," అంది కందిరీగ. "మావయ్య హెడ్‌ఫోన్లు వస్తాయి. మావయ్య వస్తాడు. మావయ్య నోరు రాదు."

"మా అక్కతో చెప్పకే," అన్నాను.

"చెప్పేశాను."

శిక్ష ఏమిటంటే, మీట కిందికి జరగకుండా ప్రతి హెడ్‌ఫోన్‌కీ నేనే టేపు అంటించాలి. మూడొందల సెట్లు. శనివారం పొద్దున్నించి అక్క ఇంట్లోనే కూర్చోబెట్టారు. అక్క టేపు కత్తిరించి ఇస్తూ, ఒక్కొక్క ముక్కకీ ఒక్కొక్క తిట్టు చేర్చింది. బావ కౌంటరు కుర్చీకి కుట్టించిన కొత్త గుడ్డ వృథా అయిందని అటు తిరిగి కూర్చున్నాడు. కందిరీగ గుమ్మంలో నిలబడి కాపలా కాసింది, అయినా మధ్యలో ఒకసారి దానికి ఫోనొచ్చి బయటికెళ్లింది.

రెండొందల తొంభైతొమ్మిదికి అంటించాను.