కునుకుకు ఎన్ని మార్కులు

తను కళ్లు మూస్తే బిడ్డ ఊపిరి ఆగిపోతుందని ఆ బాలింత భయం. అంతకు మించిన భయం ఆమెకు ఇంకేదీ లేదు. ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చిన చంటిదానికి జబ్బు నెమ్మదించిందని డాక్టరు చెప్పినా, ఆమె మాత్రం మంచం పక్కన కళ్లలో వత్తులు వేసుకుని కూర్చునే ఉంది.

మధ్యాహ్నం నర్సింగు చదివే అమ్మాయి ఒకతె కాగితాలతో వచ్చింది. నర్సులు రోగుల్ని ఎంత ఆప్యాయంగా చూసుకుంటున్నారో కొలవడం ఆమె పని.

"ఆప్యాయతను కొలుస్తారా? దేంతో, టేపుతోనా?" బాలింతకు నవ్వొచ్చింది.

"ప్రశ్నలతో అక్కా. ఈ వార్డు సిస్టర్ నవ్వుతూ పలకరిస్తుందా? అయిదుకు ఎన్ని మార్కులు?"

"ఉరుము సిస్టరా? వార్డంతా ఆవిడ్ని అలాగే పిలుస్తాం. ఆవిడ నవ్వితే గోడలు బీటలు వారతాయి. సున్నా వెయ్యి."

"చెప్పింది ఓపిగ్గా వింటుందా?"

"'కాసేపు పడుకోమ్మా, నేను చూస్తాగా' అని కసురుతుంది. వినేదెక్కడ?" అని ఆగింది బాలింత. "నిజంగా చూస్తుందంటావా?"

అమ్మాయి కాగితాల్లో ఆ ప్రశ్న లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఇద్దరూ కూడబలుక్కున్నారు: బాలింత దొంగనిద్ర పోవాలి, అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని గమనించాలి.

బాలింత చంటిదాని పక్కన ఒరిగి, రెప్పల సందులోంచి చూడసాగింది. చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. సిస్టర్ బిడ్డ చొక్కా పైకి జరిపి, పొట్ట ఎగసిపడే తీరును కదలకుండా చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. ఇంకేం చేస్తుందోనని బాలింత ఎదురుచూసింది.

బాలింతకు మెలకువ వచ్చేసరికి గోడ మీది ఎండ ఎర్రబడింది. గబుక్కున బిడ్డ మీద చెయ్యి వేసింది. పొట్ట వెచ్చగా, తీరిగ్గా లేచిపడుతోంది.

"కొంపేం మునగలేదులే. పాలు పట్టు," అంటూ సిస్టర్ స్టూలు మీంచి లేచి వెళ్లిపోయింది.

అమ్మాయి పగలబడి నవ్వింది. "బాగానే పరీక్షించావక్కా, గురక కూడా పెట్టావు. ఆవిడ రాసుకునే పనంతా ఇక్కడే కూర్చుని రాసుకుంది. లేవాల్సొచ్చినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి, రెప్ప వాల్చావంటే చూడు అంది. ఇప్పుడు చెప్పు, ఎన్ని మార్కులు?"

"నేనేం చూశానని చెల్లీ? నిద్రపోయాను. అదే రాయి."

మీ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా చంటిబిడ్డ ఉంటే ఒకసారి వెళ్లండి. బిడ్డను ముద్దు చేశాక, ఆ తల్లి కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో కనుక్కోండి.