ఎడమ కుర్చీ

లిఫ్టు మూడో అంతస్తు దాటుతుండగా సన్నగా కీచుమంది. లోపల కుక్కుకుని నిలబడ్డ ఎనిమిది మందిలో ఆ చప్పుడు పట్టించుకున్నది ఒక్కడే. పద్నాలుగేళ్లుగా లిఫ్టులు బాగుచేసి బతుకుతున్నవాడికి ఆ కూత అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది? బ్రేకు అరిగిపోయింది. ఇవాళో రేపో మధ్యలో నిలబడిపోతుంది. చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. ఈ భవనంలో తన మాటకి విలువ పోయి సరిగ్గా ఏడాది.

ఐదో అంతస్తులో ఖాళీ చేసిన ఫర్నిచర్ షోరూమ్‌లో వీడియో గేమ్ పోటీ. మిట్టమధ్యాహ్నమైనా కిటికీలన్నిటికీ నల్ల గుడ్డలు కట్టేశారు. ప్రాంతం నలుమూలల నుంచీ వచ్చిన తొంభై ఆరుగురి మొహాల మీద టీవీల వెలుగు తప్ప వేరే వెలుగు లేదు. ఆట తేలికే. తెర మీద ఇద్దరు యోధులు కలబడతారు, మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడిది ఆట. నియమాల్లో మాత్రం ఒకటి చాలా కఠినం. రౌండ్ మధ్యలో ఎవరి వైపు నుంచి పాజ్ పడి ఆట ఆగిపోతే వాళ్లు ఆ రౌండ్ ఓడినట్టే. ఆపింది ఎడమ కుర్చీయో, కుడి కుర్చీయో తెర మీదే పడుతుంది. వాదనకి తావు లేదు.

పోయిన ఏడాది సెమీఫైనల్లో అతను ఎడమ కుర్చీలో కూర్చున్నాడు. అవతలి మనిషి ఇంకొక్క దెబ్బ కొడితే తను ఓడిపోతాడనగా ఆట ఆగింది. ఎడమ కుర్చీ అని తెర మీద పడింది. నేను నొక్కలేదు మొర్రో అని ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. వేలు జారిందని జాలిపడ్డవాళ్లు కొందరైతే, ఓడిపోతానని తెలిసి కావాలనే ఆపాడన్నవాళ్లు చాలామంది. అప్పటిదాకా అందరికీ లిఫ్టన్నగా ఉన్నవాడు ఆ సాయంత్రానికి పాజన్న అయిపోయాడు. ఆ పేరు ఫోన్లలో పాకి, పనిచేసే చోటికి పాకి, చివరికి ఇంటికొచ్చింది. ఎవరో టీవీ ఆపమంటే ఏడేళ్ల కూతురు, "నాన్నకి చెప్పండి, బాగా ఆపుతాడు" అంది. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

ఈసారి వచ్చింది ఆ పేరు వదిలించుకోవడానికే. కప్పు వచ్చినా రాకపోయినా సరే, ఒక్క మచ్చ లేకుండా ఆడి ఇంటికెళ్లాలి.

పేరు రాయించుకునే బల్ల దగ్గర రిఫరీ తలెత్తి చూశాడు. ఒకప్పుడు బడిలో డ్రిల్ మాస్టారు, ఇప్పటికీ మెడలో విజిల్ తీయడు. "వచ్చావా? ఇంకొక్కసారి నీ దగ్గర తేడా కనబడిందో, ఈ ప్రాంతంలో ఎక్కడా నీకు కుర్చీ ఉండదు. బతికున్నంత కాలం" అన్నాడు మెల్లగా. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

"మా బావ సంగతి మీకు తెలీదు మాస్టారూ" అని వెనక నుంచి బావమరిది అందుకున్నాడు. కళ్లద్దాల షాపులో అద్దాలు బిగించే పని అతనిది. పోయిన ఏడాది కూడా తోడొచ్చి, బావ సంచీ ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఇవాళా అదే సంచీ, అదే వరస.

మొదటి మూడు ఆటలూ పక్క బల్లల మీద జరిగాయి. ఎడమ కుర్చీ అచ్చిరాలేదని పట్టుబట్టి కుడి వైపే కూర్చుని మూడూ గెలిచాడు. క్వార్టర్ ఫైనల్ నుంచి ఆట వేదిక మీదికి మారింది. పోయిన ఏటి టీవీ, ఆట నడిపే కన్సోల్ పెట్టె కూడా పోయిన ఏటిదే.

అక్కడ రెండో రౌండ్ మధ్యలో తెర గడ్డకట్టింది. ఎడమ కుర్చీ. అవతలివాడు లబోదిబోమన్నాడు. విజిల్ మోగింది, రౌండ్ ఇతనిది, ఆటా ఇతనిదే. అవతలివాడి మొహంలో అతనికి కనబడ్డది ఏడాది కిందటి తన మొహమే.

సెమీఫైనల్లోనూ అంతే జరిగింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పాజన్న ఆడితే ఎదుటివాళ్లు ఆగిపోతున్నారేంటిరా, చేతబడి ఏమైనా నేర్చుకున్నాడా అని ఎవడో అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తెర ఆగిన క్షణంలో అతను మాత్రం ముందు వరస వైపు చూశాడు. బావమరిది సంచీని పొట్టకి హత్తుకుని తల దించుకున్నాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా సంచీలో ఉంది.

ఫైనల్‌కి పది నిమిషాల విరామం ఇవ్వగానే బావమరిదిని చొక్కా పట్టుకుని మెట్ల దగ్గరికి లాక్కెళ్లాడు. సంచీ బోర్లించాడు. నీళ్ల సీసా, తువ్వాలు, వాటి కింద బటన్లు నొక్కి ఆడే తన పాత వైర్‌లెస్ ప్యాడ్. పోయిన ఏడాది క్వార్టర్ ఫైనల్ ఎడమ కుర్చీలో కూర్చుని దానితోనే ఆడాడు. చార్జింగ్ అయిపోవస్తోందని సెమీఫైనల్‌కి వైరు ప్యాడ్ తగిలించి, దీన్ని సంచీలో పడేశాడు. కన్సోల్‌తో దీనికున్న జత తెంపాలన్న ఆలోచనే రాలేదు.

"ఇదేంట్రా?"

బావమరిది గోడకి ఆనుకున్నాడు. "పోయినసారి నేనే బావా. నువ్వు ఓడిపోతున్నావని కంగారులో సంచీ గట్టిగా వాటేసుకున్నా. లోపల బటన్ నొక్కుకుపోయింది. ఇంటికెళ్లాక అర్థమైంది. చెబుదామంటే నోరు పెగల్లేదు."

"ఏడాది పాటా?"

"అక్క నన్ను గుమ్మం తొక్కనిచ్చేదా? అందుకే ఇవాళ బాకీ తీరుద్దామని చార్జింగ్ పెట్టి తెచ్చా... ఇది ఇంకా ఎడమ కుర్చీ కిందే పనిచేస్తోంది బావా. మెషిన్లో పాత జతలు వీళ్లెవరూ చెరపలేదు. ఇంకొక్క ఆట. కప్పు నీ చేతిలో పెట్టి దణ్ణం పెట్టేస్తా."

కొట్టడానికి చెయ్యి లేచింది గానీ లోపల నుంచి ఫైనల్‌కి పిలుపు వినబడింది. రిఫరీకి ఇప్పుడే చెప్పాలా? ప్యాడ్ తనది, మనిషి తనవాడు. ఏడాది కిందటి సంగతి ఎవరు నమ్ముతారు? ఆడాక చెబుదాం, ముందు ఈ ప్యాడ్ నోరు మూయాలి అనుకున్నాడు. మధ్య బటన్ పది సెకన్లు నొక్కిపట్టాడు. నీలి దీపం ఆరిపోయింది.

ఆ తర్వాత అతని చేతులు వాటంతట అవే పనిచేశాయి. లిఫ్టు గుంతలోకి దిగేముందు స్విచ్ కట్టేస్తే చాలదు, ఎవడైనా మళ్లీ వేసేయొచ్చు. ఫ్యూజు పీకి సొంత జేబులో వేసుకోవాలి. అది తన దగ్గరుంటే ప్రాణం తన దగ్గరున్నట్టే. పద్నాలుగేళ్ల అలవాటు అది. ప్యాడ్‌ని జాకెట్ ముందు జేబులో వేసుకుని, జిప్పు లాగి, వేదిక ఎక్కాడు.

ఎడమ కుర్చీలో లెక్కల టీచరమ్మ కూర్చుని ఉంది. పోయిన ఏడాది ఆ సెమీఫైనల్లో ఎదురుగా ఉన్నది ఆవిడే. "ఆ రోజు గెలిచినట్టు నాకెప్పుడూ అనిపించలేదండీ" అంది బటన్లు సరిచూసుకుంటూ. "ఇవాళ సరిగ్గా తేల్చుకుందాం."

మొదటి రౌండ్ ఆవిడది, రెండోది అతనిది. ఏ తెరా ఆగలేదు. మూడో రౌండ్లో ఇద్దరి బలమూ వెంట్రుకవాసికి వచ్చింది. ఆవిడ యోధుడు గాల్లోకి లేచాడు. ఆ గెంతు కోసమే అతను ఏడాదిగా సాధన చేశాడు. కింద నుంచి ఒక్క తన్ను చాలు. వేళ్లకి తెలిసిపోయింది, ఒంటికీ తెలిసిపోయింది. తెలియకుండానే ముందుకి వంగాడు. బల్ల అంచు రొమ్ముకి ఒత్తుకుంది.

జేబులో టక్కుమంది. ఆరిన ప్యాడ్ మధ్య బటన్ తగిలితే మళ్లీ వెలుగుతుందన్న సంగతి ఆ చప్పుడుతోపాటే బుర్రకెక్కింది. వెనక్కి తగ్గేలోపే రెండో టక్కు.

తెర గడ్డకట్టింది. యోధులిద్దరూ గాల్లోనే నిలబడిపోయారు. ఎడమ కుర్చీ.

టీచరమ్మ రెండు చేతులూ పైకెత్తి అలాగే ఉంచింది. విజిల్ మోగలేదు. డ్రిల్ మాస్టారు తెరని చూశాడు, ఆవిడ చేతుల్ని చూశాడు, తర్వాత నింపాదిగా ఇతని వైపు తిరిగాడు. నల్ల గుడ్డల చీకట్లో, జాకెట్ జేబు లోపల, నీలి దీపం గుండె కొట్టుకుంటున్నట్టు వెలిగి ఆరుతోంది.

హాల్లో ఒక్కొక్క ఫోనే పైకి లేచింది.

అతను జిప్పు లాగి ప్యాడ్ బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. ముందు వరసలో బావమరిది లేవబోయాడు. ఖాళీ సంచీని వాటేసుకుని మళ్లీ కూలబడ్డాడు. కళ్లు మాత్రం బావనే చూస్తున్నాయి.

"ఇదెవరిది?" అన్నాడు రిఫరీ, ఇందాకటి అదే మెల్లని గొంతుతో.

"నాదే" అన్నాడు పాజన్న.