తెగడానికే వేసిన కుట్టు

భర్త అనీజియోను ఎడమ పక్కకు ఒత్తిగిల్లజేసి, వీపుకు ఆనేలా మడత దుప్పటి పెట్టాక జుల్మీరా తడిగుడ్డ పిండింది. నడుము దగ్గర చర్మం ఎర్రబడ్డ చోట మెల్లగా అద్దింది. రుద్దితే పుండవుతుంది. అతనికి అక్కడ స్పర్శ లేదు. అయినా నీళ్లు చల్లగా ఉంటే మొహం ముడుచుకుంటాడు. ఆ చల్లదనం భుజాల దాకా పాకుతుందో, గుడ్డ పిండిన చప్పుడుకే ముడుచుకుంటాడో ఆమె ఎప్పుడూ అడగలేదు.

"నీ చేతులు గరుకెక్కాయి," అన్నాడతను గోడకేసి చూస్తూ.

"నీకేం తెలుసు, నీకు తగలదుగా."

"ఇందాక మెడ మీద తగిలిందిలే."

ఇంటి కప్పు మీదుగా రోజు మొదటి హెలికాప్టరు వెళ్లింది. బ్రెజిల్ తీరంలోని మకయేలో పొద్దు ఇలాగే మొదలవుతుంది. సముద్రంలో చమురు తోడే ప్లాట్‌ఫారాలకు మనుషుల్ని మోసుకెళ్లేవి ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. ఆ చప్పుడు దూరమయ్యేదాకా అనీజియో కళ్లు మూసుకుని దవడ బిగించాడు. జుల్మీరా కూడా మాట ఆపి, చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది. ఆ తర్వాత అతని వీపు తుడిచి, పౌడరు చల్లి, చొక్కా తొడిగింది.

అతని ఛాతీ ఇప్పటికీ వెడల్పుగానే ఉంది. పెద్ద పెద్ద గిన్నెలు ఒంటిచేత్తో దించిన మనిషి. ప్లాట్‌ఫారం మీద వంటవాడుగా చాలా ఏళ్లు పనిచేశాడు. కాళ్లు మాత్రం ఎండిన చెరకు గడల్లా అయిపోయాయి. షిఫ్టు ముగించుకుని వస్తున్న హెలికాప్టరు ఏటి మొగ దగ్గర ఇసుకతిన్నె మీద పొట్ట ఆనేలా పడింది. నిప్పంటుకోలేదు, నీళ్లలో మునగలేదు. పడ్డ దెబ్బ మొత్తం లోపల కూర్చున్న వాళ్ల వెన్నెముకల్లోకి పోయింది. ఆ రోజు గురించి అనీజియో ఎవరితోనూ మాట్లాడలేదు. డాక్టర్లు అడిగితే గుర్తులేదన్నాడు.

జుల్మీరా అప్పట్లో స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టేది. హెలికాప్టర్ల కింద అమర్చే గాలిసంచులు కుట్టడానికి మనుషులు కావాలని విమానాశ్రయం దగ్గర కొత్త వర్క్‌షాపు వాళ్లు అడిగినప్పుడు ఆమె వెళ్లి చేరింది. ఇంటికొచ్చి చెబితే అనీజియో మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"వెళ్లు. దిండ్లు కుట్టుకో," అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో దాని ప్రస్తావన రాలేదు. ఎక్కడికి వెళుతున్నావని పక్కింటి వాళ్లెవరైనా అడిగితే దిండ్ల కొట్టుకని అతనే చెప్పేవాడు.

తలుపు తట్టకుండానే దల్వా లోపలికొచ్చింది. వీధి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే విధవరాలు. పగలంతా అనీజియోకు తోడుగా ఉండేది ఆవిడే.

"ఏం దొరగారూ, పొద్దున్నే మూతి అలా పెట్టారు?"

"నీ మొహం చూశాక ఇంకెలా పెట్టాలి?"

"చూడమ్మా జుల్మీరా, ఇతగాడికి నేను కాఫీ పొయ్యాలట!"

జుల్మీరా నవ్వి, రొట్టె ముక్కకు వెన్న రాసి నోట్లో పెట్టుకుంటూనే బస్సు కోసం పరిగెత్తింది.

వర్క్‌షాపులో ఎప్పుడూ రబ్బరు వాసన. సంచుల గుడ్డ బూడిదరంగులో, ఏనుగు చర్మంలా మందంగా ఉంటుంది. దాన్ని మడతపెట్టి హెలికాప్టరు పొట్ట కింద పెట్టెలో అమరుస్తారు. యంత్రం చెడి కిందికి పడిపోయేటప్పుడు, నేల తగలబోయే ముందు సంచులు ఒక్కసారిగా ఉబ్బుతాయి. అయితే గాలి లోపలే నిలిచిపోతే హెలికాప్టరు బంతిలా ఎగిరి బోర్లాపడుతుంది. అందుకని సంచి పక్కల కిటికీల్లాంటి రంధ్రాలు పెట్టి, వాటిమీద గుడ్డమూతలు కుడతారు. నేల తగిలిన అదురుకు ఆ కుట్లు తెగి, మూతలు ఊడి, గాలి బుస్సుమంటూ పోవాలి. ముందే తెగితే సంచి ఉన్నా లేనట్టే.

ఆ మూతలు కుట్టడమే జుల్మీరా పని. సన్నని దారం, ఎడం ఎడంగా కుట్లు. చేరిన కొత్తలో అది ఆమెకు పట్టుబడలేదు. బట్ట చినిగినా కుట్టు చినగకూడదని తల్లి దగ్గర నేర్చుకున్న చెయ్యి. వర్క్‌షాపు పెద్ద నివాల్దో ఆమె కుట్టిన మూతలు పరీక్ష యంత్రం మీద లాగి చూసి తల పట్టుకునేవాడు.

"దోనా జుల్మీరా, ఇది పెళ్లికూతురి గౌను కాదండీ. కాస్త చెడగొట్టండి!"

మిగతా ఆడవాళ్లు పడిపడి నవ్వేవారు. ఒక ఎండాకాలమంతా విప్పి కుట్టి, విప్పి కుట్టి, చివరికి ఆ చేతికి కొత్త బుద్ధి వచ్చింది. ఇప్పుడు కొత్తగా చేరిన వాళ్లను ఆమె పక్కనే కూర్చోబెడతారు.

ఆ ఉదయం ఆమె ఒక మూత నాలుగో అంచు కుడుతుండగా నివాల్దో ఫోను పట్టుకుని గాజు గదిలోంచి బయటికొచ్చాడు. చెయ్యెత్తాడు. మిషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"ఒకటి కింద పడింది," అన్నాడు. "కిసమాన్ చెరకు తోటల్లో. మన సంచులున్నదే."

పరీక్షగా కొన్నిటికి మాత్రమే వాటిని అమర్చారు. ఇసుకమూటలతో, బొమ్మలతో క్రేను మీంచి ఎన్నోసార్లు పడేసి చూశారు కానీ, మనుషులతో పడటం ఇదే మొదలు.

"లోపలి వాళ్లు?" అని ఎవరో అడిగారు.

"తెలీదు. పొలాల్లోకి దారి లేదట. ట్రాక్టర్ల మీద వెళుతున్నారు."

మళ్లీ మిషన్లు ఎవరూ తొక్కలేదు. జుల్మీరా కాలు పెడలు మీద పెట్టుకుని, సూది కింద సగంలో ఉన్న కుట్టునే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం బీన్సూ అన్నమూ ఉన్న డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేసింది. కుట్టు గట్టిపడిందేమో. ఏ రోజైనా, ఇంటి ధ్యాసలో, పాత అలవాటుకొద్దీ చెయ్యి బిగించి వేసిందేమో. అనీజియోను చేర్చిన ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. తెల్లకోటు మనిషి ఎవరొచ్చినా అక్కడి ఆడవాళ్లందరూ ఒకేసారి లేచి నిలబడేవారు. ఇవాళ కూడా ఏదో వరండాలో అలాగే నిలబడి ఉంటారు.

ఎండ వాలేవేళకు మళ్లీ ఫోను మోగింది. నివాల్దో విన్నాడు, అవునవునన్నాడు, ఫోను పెట్టేసి కొంచెంసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అందరూ బతికున్నారు. నడిచి దిగారట. పైలట్ మణికట్టు విరిగింది, అంతే."

ఒక్కసారిగా కేకలు, ఏడుపులు. బల్ల మీద ఎవరో కత్తెరతో దరువు వేశారు. ఎవరికీ చెయ్యి కూడా కలపని నివాల్దో జుల్మీరా దగ్గరికొచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టాడు.

"మూతలన్నీ ఊడిపోయాయటండీ. ఒక్కటీ మిగల్లేదట."

ఆమె తలూపి, వెనక కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది. కేకు తెప్పిస్తున్నాం ఉండమన్నారు. ఆమె ఆగలేదు. దారిలో చేపల దుకాణం దగ్గర మాత్రం దిగి, ఒక మంచి తలకాయా రెండు ముక్కలూ కొంది.

దల్వా గుమ్మంలోనే ఎదురొచ్చి గొంతు తగ్గించింది. "మధ్యాహ్నం నుంచి ఆయాసంగా ఉంది. డాక్టర్ని పిలుస్తానంటే తిట్టాడు. ఇప్పుడు కాస్త నయం. రేపైనా పిలువు."

అనీజియో తల కింద రెండు దిండ్లతో ఎత్తుగా పడుకుని ఉన్నాడు. పెదాలు కొంచెం నల్లబడినట్టున్నాయి. జుల్మీరా మంచం అంచున కూర్చుంది.

"చెప్పు," అన్నాడతనే. "మొహం చూస్తే తెలుస్తోంది."

"ఇవాళ ఒకటి పడింది. కిసమాన్‌లో."

అతను కళ్లు మూసుకున్నాడు.

"అందరూ బతికారు అనీజియో. నడుచుకుంటూ దిగారట."

కళ్లు తెరిచి అడిగాడు. "మీ దిండు... తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"గట్టిగా పడ్డారా?"

"ఒకావిడ ఒళ్లో చేతిసంచి కూడా జారలేదట."

అతను కప్పుకేసి చూశాడు.

"అదెమార్ నా పక్కన కూచున్నాడు, ముసలీ."

అదెమార్ అతని కింద పనిచేసిన కుర్ర వంటవాడు. వాణ్ణి సమాధి చేసిన రోజు ఈ ఇంటి నుంచి ఆమె ఒక్కతే వెళ్లింది. అనీజియో అప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

"పడ్డాక వాడి తల నా భుజం మీద వాలింది. నిద్రపోతున్నాడనుకున్నా. ఒడ్డుకొచ్చేటప్పుడు ఎప్పుడూ అంతేగా వాడు, ఎక్కంగానే నిద్ర. లేపొద్దులే అనుకున్నా. ఎవరో వచ్చి వాణ్ణి తీసేదాకా నేను కదల్లేదు. కదల్లేనని కూడా అప్పుడు నాకు తెలీదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను వేళ్లు బిగించాడు.

"వాడి కింద ఆ దిండుంటే," అని ఆగాడు. తన సంగతి ఎత్తనేలేదు. ఇన్నేళ్లూ అతని కోపం తన కాళ్ల కోసమేనని ఆమె అనుకుంది.

ఆమె గరుకు వేళ్లు తడుముతూ అడిగాడు. "ఆ కుట్టు నువ్వే వేశావా?"

"నేనో, ఆ పిల్లల్లో ఎవరో. ఎలా తెలుస్తుంది?"

"నువ్వే. నీ కుట్లన్నీ అంతేగా. పెళ్లికి కుట్టిచ్చిన చొక్కా చర్చిలోనే చంకలో పిగిలింది."

"నువ్వు తిని లావెక్కితే నా కుట్టేం చేస్తుంది!"

అతను నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆమె అతని ఛాతీ నిమురుతూ కూర్చుంది. డాక్టరుకు ఫోను చేస్తానని లేవబోతే చెయ్యి వదల్లేదు.

"రేపు చెయ్యి. ఆ సంచిలో చేపలేనా? వాసనొస్తోంది. పులుసు పెట్టు. నేను చెబుతా, నువ్వు చెయ్యి. తలుపు వెయ్యకు."

వంటింట్లో ఆమె, మంచం మీద అతను. ఉల్లిపాయ ఎర్రబడనివ్వకన్నాడు. కొత్తిమీర కాడలు ముందు, ఆకులు దించేటప్పుడన్నాడు. తలకాయ వేశాక గరిటె పెట్టి కెలికితే ఊరుకోనన్నాడు. కర్రపెండలం పిండి చల్లుతూ ఉంటే, "ఉండ కట్టిందా?" అని అడిగాడు.

"కట్టలేదులే, పడుకో."

"ఉప్పు నేను చూస్తా. పట్రా."

ఆమె కర్రచెంచా నిండా పులుసు తీసుకుని, ఊదుకుంటూ, కింద చెయ్యి అడ్డం పెట్టి గదిలోకొచ్చింది. అతను తల ఒకవైపు వాల్చి ఉన్నాడు. పిలిచింది. చెంచా పక్కబల్ల మీద పెట్టి, భుజం పట్టుకుని మళ్లీ పిలిచింది. ఆ తర్వాత అతని పక్కన, మంచం అంచున, పొయ్యి మీద పులుసు అడుగంటే వాసన వచ్చేదాకా కూర్చుంది.

మర్నాడు సాయంత్రం సమాధి దగ్గరికి వర్క్‌షాపు వాళ్లంతా వచ్చారు. నివాల్దో టోపీ తీసి చివర్లో నిలబడ్డాడు. అందరూ వెళ్లిపోయాక దల్వా ఇల్లు ఊడ్చింది, దుప్పట్లు నానబెట్టింది, మాడిన గిన్నె బూడిదతో తోమి బోర్లించింది. ఇక చెయ్యడానికి ఏమీ లేక గదిలోకి వచ్చి, పక్కబల్ల మీది చెంచా తీయబోయి, మంచం అంచున కూర్చున్న జుల్మీరా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బల్ల మీద కర్రచెంచా అలాగే ఉంది. గుంటలో పులుసు ఎండి పల్చటి పొరగా కట్టింది, దాని అంచున ఒక కొత్తిమీర ఆకు అతుక్కుని ఉంది.